మొదటి మాట ఆఖర్న రాసే మనిషి

ఆయన పోయారని సూరమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మైకాయన లేడమ్మా" అంది. అప్పుడు నేను చింతలపూడి అవతల ఒక ఆయిల్‌పామ్ తోటలో గెలలు చూస్తున్నాను. పక్కనున్న రైతు ఏదో అడుగుతున్నాడు. ఆ రైతు అడిగింది నాకు వినపడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ముప్పై ఏళ్ళపాటు నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళలో అందరి పేర్లూ మైకులో చెప్పిన మనిషి, తన పేరు ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. అడిగితే, "నేనెవరైతే వాళ్ళకెందుకు? చెప్పేది వాళ్ళ సంగతి కదా" అనేవారు. ఆ మాట నేను దాటలేను.

ఆయన పని ఊళ్ళమ్మట ఆటోలో తిరుగుతూ మైకులో చాటడం. ఆటో పైన ముందుకొకటి, వెనక్కొకటి రెండు మైకు గొట్టాలు, సీటు కింద బ్యాటరీ. పశువులకి టీకాలు, కళ్ళ శిబిరం, కరెంటు కోత, మామిడి కోతలకి కూలీలు కావాలన్న కబురు, ఎవరి ఇంట్లోనో పెద్దాయన పోయిన వార్త, అన్నీ ఆయన గొంతులోంచే ఊళ్ళోకి వచ్చేవి. మీటింగులకి మైకుసెట్టు కూడా ఆయనే పెట్టేవారు. చొక్కా ఎడమ జేబులో కాగితం పొట్లంలో గొంతు కోసం పటికబెల్లం, మిరియాలు. కుడి జేబులో పాత పెళ్ళి శుభలేఖలు నిలువునా కత్తిరించిన ముక్కలు, ఒక పొట్టి పెన్సిలు. చెప్పాల్సింది ఆ ముక్కల వెనక తెల్లటి వైపు రాసుకునేవారు. పైన రెండు వేళ్ళ మందం ఖాళీ వదిలి, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి కింద రాసేవారు. ఆ ఖాళీ మాత్రం ఇంట్లో నింపేవారు కాదు. ఊళ్ళోకి వెళ్ళి, ఆటో ఆపి, వీధి మొత్తం ఒకసారి చూసి, అప్పుడు నింపేవారు.

"మొదటి మాట ఆఖర్న రాయాలి" అనేవారు. "ముందే రాసుకుంటే అది నీ కోసం రాసుకున్నట్టు."

హలో హలో అని మైకు పరీక్ష చెయ్యడం ఆయనకి ఒళ్ళుమంట. "మైకు పలుకుతుందో లేదో నాకు కావాలి. ఊరికెందుకు?" అని గోటితో చిన్నగా మీటి చూసుకునేవారు. 'ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ మాట విని ఊళ్ళో ఎవరైనా తలెత్తగా చూశావా అని నన్నే ఒకసారి అడిగారు. నేను చూడలేదు.

ఎన్నికలప్పుడు పార్టీలవాళ్ళు కాగితం తెచ్చిస్తే అందులో పేరు, తేదీ, చోటు మాత్రం చదివేవారు. పేరుకి ముందు తగిలించిన బిరుదులన్నీ పెన్సిలుతో కొట్టేసేవారు. "పేరు నేను చదువుతానండీ. పొగడ్త మీ నోటితో మీరే చదువుకోండి, బాగుంటుంది" అని కాగితం తిరిగి ఇచ్చేసేవారు. అందుకే ఎన్నికల సీజన్లో ఊళ్ళో మైకులన్నీ మోగుతుంటే ఆయన ఆటో ఇంటి ముందు ఉండేది. ఇంట్లో మాత్రం మాటే ఉండదని ఆయన భార్య గొణిగేది. "నాతో ఆయన నోరు విప్పితే కూరలో ఉప్పు చాలలేదని" అంది నాతో ఒకసారి, ఆయన వింటుండగానే.

చాట్రాయి వైపు ఒక రైతు చుక్కగేదె తప్పిపోయినప్పటి సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. గేదె తప్పిపోయింది, ఆచూకీ చెప్పండి అని రెండు రోజులు ఎవరో రికార్డు వేసి తిప్పారు. ఫలితం లేదు. మూడో రోజు ఈయన్ని పిలిచారు. ఈయన ముందు ఆ రైతు ఇంటికి వెళ్ళి, పాకలో కాసేపు నిలబడి, బయటికొచ్చి మైకు అందుకున్నారు. "చుక్కగేదెకి మేత వేస్తున్నవాళ్ళకి దండం. దాని దూడ మూడు రోజులుగా పాల కోసం అరుస్తోంది." మధ్యాహ్నం లోపు గేదె తాడుతో సహా రోడ్డు మీద నిలబడి ఉంది. ఎవరు వదిలారో ఆయన అడగనివ్వలేదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. నేను ఆయన్ని మొదటిసారి చూసింది నా పరువు పోయిన రోజున.

ముసునూరు దగ్గర ఒక ఊళ్ళో అప్పుడు నేను హార్టికల్చర్ అసిస్టెంట్‌ని. ఉద్యోగంలో చేరి ఏడాది. మామిడి పూత మీద ఉంది. తేనెమంచు పురుగు పడిందని తోటల్లో అందరూ మందు కొడుతున్నారు. ఒక పెద్ద తోటలో పొద్దున చెట్లకి మందు కొట్టి, మధ్యాహ్నం అవే చెట్ల కింద ఆడవాళ్ళ చేత కలుపు తీయించారు. ఆ కూలీల్లో సూరమ్మ, ఇప్పుడు నాకు ఫోన్ చేసిన ఆవిడే, నురగలు కక్కుతూ పడిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. తోట యజమాని, "తిండి తినకుండా ఎండలో పనికొచ్చింది, కళ్ళు తిరిగాయి" అన్నాడు. ఊరు కూడా అదే అనుకుంది.

ఆ తర్వాత వారానికే మా ఊళ్ళో రైతుల సమావేశం పెట్టారు. మందులు వాడేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి నేను మాట్లాడాలి. ఆరు పేజీలు రాసుకుని వెళ్ళాను. వేదిక మీదున్న తొమ్మిదిమంది పేర్లు, హోదాలు చదివాను. నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాను. నేను పెద్దగా మాట్లాడలేను, తప్పులుంటే మన్నించండి అన్నాను. పండ్లలో మామిడి రారాజు అన్నాను. పురుగుమందు అనగా, అని ఇంకో పేజీ తిప్పేసరికి టీ వచ్చింది. అందరూ లేచి వెళ్ళారు. నేను మిగతా నాలుగు పేజీలూ ఖాళీ కుర్చీలకి చదివాను.

మైకు వైరు మోచేతికి చుట్టుకుంటూ ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. అరవై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు.

"అమ్మాయ్, ఒక్క మాట అడగనా? ఇందాక నువ్వు మొదలెట్టింది ఎప్పుడు?"

"మీరు వినలేదా బాబాయ్ గారూ?"

"విన్నాను కాబట్టే అడుగుతున్నా. పేర్లు చదివావు. ఏ తప్పూ చెయ్యకుండానే క్షమాపణ అడిగావు. మామిడిపండు బాగుంటుందని మామిడి రైతులకి చెప్పావు. ఇక మొదలెడుతుంది అనుకునేలోపు టీ వచ్చింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. "అది పద్ధతండీ. అందరూ అలాగే మొదలుపెడతారు" అన్నాను.

"పద్ధతే. ఎవరూ వినకుండా ఉండటానికి పెట్టుకున్న పద్ధతి" అని వైరు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

రెండు రోజులు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. మూడో రోజు పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నూజివీడులో కల్యాణమండపంలో పెద్ద సదస్సు, తోటల యజమానులు, వ్యాపారులు, నాయకులు అందరూ వస్తారు, అక్కడ కూడా నువ్వే మాట్లాడాలి అని. ఆ సాయంత్రమే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రేపు పొద్దున చాట్రాయి వైపు పశువుల టీకా చాటింపు ఉంది. ఆటో ఎక్కు" అన్నారు.

మొదటి వీధిలోనే మైకు నా చేతిలో పెట్టారు. "గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టాను. ఆయన సౌండు తగ్గించేశారు. ఆటో ఆపారు. ఎదురుగా ఒక ఇంటి ముందు ఒకావిడ అంట్లు తోముతోంది.

"మనం ఆ ఇల్లు దాటడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు చెప్పేంత. మొదటి మాటకి ఆవిడ చెయ్యి ఆగాలి. ఆగితే రెండో మాట ఆవిడకి చేరుతుంది."

"ఏం చెబితే ఆగుతుంది బాబాయ్?"

"ఆ ఇంటి ముందు ఏముంది?"

చూశాను. గుంజకి కట్టేసి ఒక గోధుమరంగు దూడ ఉంది. ఆయన సౌండు పెంచారు. నేను మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"దూడని కట్టేసుకున్న అమ్మా, దానికి మూడు నెలలు దాటాయా?"

ఆవిడ చెయ్యి ఆగింది. బూడిద చేత్తోనే జుట్టు వెనక్కి తోసుకుని, దాటాయన్నట్టు తలూపింది. రేపు పొద్దున పాలకేంద్రం దగ్గర టీకా వేస్తారని చెప్పాను. ఎన్నింటికి అని ఆవిడే అడిగింది. ఆటో కదిలాక ఆయన జేబులోంచి పటికబెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టారు.

ఆ రోజు దారంతా నేను అడుగుతూనే ఉన్నాను. ట్రైనింగ్‌లో మాకు ఒక జోకుతో మొదలుపెట్టమన్నారని చెప్పాను. "నవ్వించాక నీ సంగతి ఎత్తితే, ఇందుకా నవ్వించింది అనుకుంటారు" అన్నారు. పోనీ ఒక ప్రశ్నతో మొదలుపెడితేనో అన్నాను. "జవాబు నీకు తెలిసిన ప్రశ్న అడక్కు. పరీక్ష పెడుతున్నావనుకుంటారు. దూడ వయసు నీకు నిజంగా తెలీదు, అందుకే ఆవిడ పలికింది." మళ్ళీ ఆయనే అన్నారు. "మొదటి మాటలో నువ్వుండకూడదమ్మాయ్. వినేవాళ్ళుండాలి. లేదంటే ఎవరి కోసం మాట్లాడుతున్నావో వాళ్ళుండాలి."

నా ఆరు పేజీలూ తీసి చూపించాను. ఆయన చదవలేదు. "సూరమ్మని చూశావా?" అని అడిగారు.

నేను చూడలేదు. మందు సీసా మీద రాసింది చదివాను, దాని రసాయనం పేరు తెలుసు, అది ఎన్ని రోజులు ఆకు మీద ఉంటుందో తెలుసు. మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతల ఉన్న మనిషిని మాత్రం చూడలేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆయన ఆటో నేరుగా సూరమ్మ ఉండే కాలనీ ముందు ఆపి, తను దిగకుండా, "వెళ్ళిరా" అన్నారు.

సూరమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. వేళ్ళు సరిగా పట్టడం లేదు, రాయి తీయబోతే పప్పు వస్తోంది. ఎలా ఉందని అడిగాను.

"కళ్ళమంట తగ్గిందమ్మా. చేతులే ఇంకా తిమ్మిరి. అది పోద్దిలే. నా బాధ అది కాదు."

"మరేంటి?"

"తినకుండా వచ్చి పడిపోయిందన్నారు కదా. ఊరంతా నా కోడలు నాకు కూడు పెట్టదనుకుంటున్నారు. ఆ పిల్ల చీకటితో లేచి అన్నం వండి, పప్పుచారు కాచి, నేను తిన్నాక గానీ పనికి కదలనివ్వదు. ఆ రోజూ తినే వెళ్ళాను. ఇప్పుడది బజారుకి పోవడం మానేసింది. ఏమే, మీ అత్తకి అన్నం పెట్టవా అని నవ్వుతున్నారంట."

లోపల్నుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు వింటోందని అర్థమైంది.

"సదస్సులో మీ పేరు చెప్పొచ్చా సూరమ్మగారూ? మళ్ళీ పనికి పిలవరేమో."

"ఇప్పుడు మాత్రం పిలుస్తున్నారా?" అంది. చేట పక్కన పెట్టింది. "చెప్పు. నా పేరు చెప్పి అబద్ధం చెప్పారు. నా పేరుతోనే నిజం చెబితే నాకేంటి నష్టం?"

ఆటో దగ్గరికి వచ్చి ఆమె అన్నదంతా చెప్పాను. ఆయన శుభలేఖ ముక్కొకటి, పెన్సిలు నాకు ఇచ్చారు. ఆటో చక్రం పక్కన నిలబడే రాశాను. ఆయన చూపించమనలేదు.

సదస్సు రోజున కల్యాణమండపం నిండిపోయింది. మైకు ఆయనదే. నిర్వాహకుడు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. పద్నాలుగు పేర్లు. "ముందు ఇవి చదవండి మేడం, వరస తప్పకూడదు. ఆ పడిపోయినావిడ సంగతి మాత్రం ఎత్తకండి. ఆ తోటాయన రెండో వరసలోనే ఉన్నారు" అన్నాడు. సరేనన్నాను. నిజంగానే సరేననుకున్నాను. వేదిక మీదికి వెళ్ళేటప్పుడు కూడా ఆ పద్నాలుగు పేర్లే చేతిలో ఉన్నాయి. మైకు ముందు నిలబడి ఆయన వైపు చూశాను, ధైర్యం చెప్తారేమోనని. ఆయన నా వైపు చూడనేలేదు. తల వంచుకుని సౌండు సరిచేస్తున్నారు.

కాగితం మడిచి పక్కన పెట్టాను.

"సూరమ్మ ఆ రోజు పప్పుచారుతో కడుపునిండా అన్నం తినే తోటకి వెళ్ళింది."

ఎవరో కుర్చీ జరుపుతున్నవాడు ఆగిపోయాడు. రెండో వరసలో ఒక తల పైకి లేచింది.

"ఆ అన్నం ఆమె కోడలు వండి పెట్టింది. ఎనిమిదింటికి ఆ చెట్లకి మందు కొట్టారు. పన్నెండింటికి ఆ చెట్ల కిందే ఆమెని కూర్చోబెట్టి కలుపు తీయించారు. ఆమెని పడేసింది ఆకలి కాదు."

తోట యజమాని లేచాడు. "నా తోట పేరెత్తుతున్నావా?"

"మీ పేరు చెప్పలేదండీ. సూరమ్మ పేరు చెప్పాను."

నిర్వాహకుడు గబగబా మైకుసెట్టు దగ్గరికి వెళ్ళాడు. "ఆపవయ్యా మైకు" అన్నాడు. అది కూడా మైకులో వినపడింది.

"ఆపనండీ" అన్నారు ఆయన.

"నిన్ను పిలిచింది మేము."

"పిలిచింది మీరే. మైకు నాది. ఆ అమ్మాయి చెప్పడం అయ్యాక నన్ను పంపించెయ్యండి."

ఎవరో వెళ్ళి మెయిన్ తీసేశారు. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు పోయాయి. మైకు మాత్రం పోలేదు. ఆయన దాన్ని ఆటో బ్యాటరీకి కలుపుకుని వచ్చారు. "ఈ ఊళ్ళో కరెంటుని నమ్ముకుని ఎవడైనా మైకు పెడతాడా" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. వెనక వరసల్లో నవ్వు పుట్టి ముందుకు వచ్చింది. ఆ నవ్వు ఆగేలోపు ఒక ముసలి రైతు చేతికర్ర ఊని లేచి, "సరేగానమ్మా, మందు కొట్టాక ఎన్నాళ్ళ దాకా చెట్టు కిందకి మనిషిని పంపకూడదు? మా తోటలో మా ఆడాళ్ళే కలుపు తీస్తారు" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో అసలు సంగతి మొదలైంది. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలీదు. చెమటలు కారుతున్నా ఎవరూ లేవలేదు. టీ గుమ్మం దగ్గరే చల్లారిపోయింది.

దానితో లోకం మారిపోలేదు. కొన్ని తోటల వాళ్ళు మందు కొట్టిన రోజున గేటుకి ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టారు. కొందరు కట్టలేదు. ఆడకూలీలు మాత్రం పనికి దిగే ముందు ఎప్పుడు కొట్టారని అడగడం నేర్చారు, చెప్పకపోతే దిగడం మానేశారు. సూరమ్మని ఆ తోటాయన మళ్ళీ పిలవలేదు. ఎర్రగుడ్డ కట్టినవాళ్ళలో ఆ చేతికర్ర ముసలాయన పిలిచాడు. కోడలు బజారుకి వెళ్తోంది.

మైకాయనకి ఆ సీజన్లో మీటింగులన్నీ పోయాయి. రికార్డులు వేసే కుర్రాళ్ళకి వెళ్ళాయి. ఆయన ఆ సంగతి నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు మెమో వచ్చింది. వేదిక మీది పెద్దల్ని సంబోధించకుండా ప్రసంగం ఎందుకు మొదలుపెట్టారో సంజాయిషీ ఇవ్వాలని. అది పట్టుకుని వెళ్తే ఆయన చదివి, మడతపెట్టి, "క్షమాపణతో మొదలెట్టకు" అన్నారు. మొదలుపెట్టలేదు. నెల తిరక్కుండా చింతలపూడి వైపు బదిలీ వచ్చింది.

వెళ్ళే రోజు పొద్దున నేను పిలవకుండానే ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. సామాను తనే ఎక్కించారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెయిన్‌రోడ్డుకి పోకుండా ఊళ్ళోకి తిప్పారు. మైకు తీశారు.

"బాబాయ్, వద్దు. నాకు ఇంకా ఇబ్బంది అవుతుంది."

"నీ గురించి చెప్తే నీకు ఇబ్బంది. నేను మన ఊరి గురించి చెప్తున్నా" అని గోటితో మైకు మీటారు. "మన ఆడవాళ్ళ ప్రాణాల గురించి మాట్లాడిందని ఈ అమ్మాయిని మన ఊరి నుంచి పంపించేస్తున్నారు."

అంట్ల దగ్గరివాళ్ళు, పాలు పోసేవాళ్ళు, పనికి బయల్దేరినవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. కాలనీ దగ్గర సూరమ్మ, ఆమె కోడలు ఆటోకి అడ్డంగా నిలబడ్డారు. కోడలు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, అత్తే విడిపించింది.

ఊరి చివర ఆ పెద్ద తోట గేటు ఉంది. ఆయన అక్కడ ఆటో ఆపారు. గేటు లోపల యజమాని, ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఆయన అదే మాట చెప్పారు, ఏమాత్రం గొంతు పెంచకుండా. యజమాని గేటు దాకా వచ్చి కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మైకు దించలేదు. ఆ మనిషి ముఖంలోకి సూటిగా చూస్తూ మొత్తం మళ్ళీ చెప్పారు. ఎదుటివాడే ముందు తల తిప్పుకుని లోపలికి నడిచాడు.

తోటలు దాటి రోడ్డెక్కాక ఆయన జేబులోంచి రెండు మిరియాలు తీసి నోట్లో వేసుకున్నారు.

"భయం వెయ్యలేదా బాబాయ్?" అన్నాను.

"వేసింది" అన్నారు. "అందుకే రెండోసారి చెప్పాను."